‘దయచేయండి’ అన్నందుకు

షోరూముల్లో కొత్తగా చేరే మీకు ఇప్పుడు శిక్షణ తరగతులు పెడుతున్నారట. నమస్కారం ఏ ఎత్తులో పెట్టాలో, నవ్వితే ఎన్ని పళ్ళు కనపడాలో కూడా చెబుతున్నారని విన్నాను. మంచిదే. మనిషిని లోపలికి పిలవడం నేర్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. బయటికి పంపడం నేర్పేవాళ్ళే లేరు. బెజవాడలో ఒక మూడంతస్తుల చీరల షోరూములో ఇరవై ఆరేళ్ళు ఫ్లోర్ మేనేజరుగా నేను చేసిన ఉద్యోగంలో సగం అదే. మా ఇంట్లోవాళ్ళు దాన్ని గేటు దగ్గర ఉద్యోగం అనుకునేవారు. నిజానికి అది గెంటు దగ్గర ఉద్యోగం.

ఆ పనికి నాకంటే తగనివాడు దొరకడం కష్టం. ఐదడుగుల మూడంగుళాల మనిషిని. గొంతు పెంచితే దగ్గొస్తుంది. ఎండాకాలం ఏసీ కోసం వచ్చి పరుపుల మీద కునుకు తీసేవాళ్ళనూ, రెండుసార్లు ఉతికిన చీర తెచ్చి కొత్తదే, మార్చండి అనేవాళ్ళనూ, మందు వాసనతో వచ్చి సేల్స్ అమ్మాయిల పేర్లు అడిగేవాళ్ళనూ సాగనంపడానికి నా దగ్గర ఉన్న ఆయుధం ఒకే ఒక్క మాట. చేతిని మెట్లవైపు చాపి, నడుము కాస్త వంచి, ‘దయచేయండి’ అనేవాణ్ణి.

మన భాషలో రెండు వైపులకూ తెరుచుకునే తలుపు ఏదైనా ఉందంటే ఈ మాటే. వచ్చినవాళ్ళనూ దయచేయండి అంటాం, ఇక చాలు వెళ్ళమనడానికీ దయచేయండి అంటాం. ఎటు తెరుచుకోవాలో వినేవాళ్ళ మర్యాదకు వదిలేస్తాం. మామూలుగా వాళ్ళకు అర్థమయ్యేది, వెళ్ళిపోయేవాళ్ళు. ఒక్కావిడకు మాత్రం అర్థం కాలేదు. లేక అందరికంటే బాగా అర్థమయిందేమో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఆవిడ మంగళవారం మంగళవారం వచ్చేది. డెబ్బై దాటి ఉంటాయి. సన్నటి మనిషి. చేతిలో జనపనార సంచి. కళ్ళద్దాలకు ఒక వైపు కాడ ఉండేది, రెండోవైపు దారం ఉండేది. మంగళగిరిలో బస్సెక్కి వచ్చి, లిఫ్టు వంక చూడకుండా మెట్లెక్కి మూడో అంతస్తుకు చేరేది. అక్కడ చేనేత విభాగం. తెల్ల దుప్పటి పరిచిన పరుపు చివర కూర్చుని, వేరే ఎవరికో చూపించడానికి విప్పిన చీర అంచు అందుకుని వేళ్ళ మధ్య మెల్లగా జరుపుకుంటూ పోయేది. ఏమీ కొనేది కాదు. అంచు పట్టుకుని ఏం అంచనా వేస్తోందో మాకు తెలిసేది కాదు.

మొదట్లో మాట్లాడేదీ కాదు. రెండు నెలలయ్యాక మాట్లాడడం మొదలుపెట్టింది. అదీ మాతో కాదు, పక్కన కూర్చున్న కొనేవాళ్ళతో. గొంతు తగ్గించి, చుట్టానికి చెప్పినట్టు, “ఇది మగ్గం బట్ట కాదమ్మా. మరది” అనేది. మర అంటే మరమగ్గం, కరెంటుతో నడిచేది. మగ్గానికీ మరమగ్గానికీ మధ్య ఉన్నవి రెండక్షరాలే, కానీ ధరలో ఆ రెండక్షరాలకూ మేము చాలా విలువ కట్టేవాళ్ళం. ఆ ఏడాది ‘మంగళగిరి చేనేత’ అని రాసి ఉన్న అరల్లోకి మరమగ్గం సరుకు కూడా వచ్చి చేరింది. ఎలా చేరిందో నాకు తెలియదనే అనుకోండి. నేనూ అప్పట్లో అలాగే అనుకున్నాను.

ఒక మంగళవారం ఓనరు గారు కింద నుంచి ఫోను చేశారు. “మూడో అంతస్తులో ముసలావిడ ఎవరయ్యా? గన్నవరం పార్టీ కొనకుండా లేచి వెళ్ళిపోయారంట. పంపించెయ్.”

నేను వెళ్ళి, చెయ్యి చాపి, నడుము వంచి, “అమ్మా, దయచేయండి” అన్నాను.

ఆవిడ తలెత్తి చూసింది. మొహం విప్పారింది. “అట్టాగే బాబూ. ఇన్నాళ్ళకి ఒక్కరన్నా పిలిచారు” అంటూ పరుపు చివర నుంచి లేచి, నడుమకు వచ్చి, లైట్లన్నీ పడే చోట కాళ్ళు మడుచుకుని కూర్చుంది. తర్వాత మంచినీళ్ళు అడిగింది. తెచ్చిచ్చింది నేనే.

ఆ విభాగంలో పెద్ద సేల్స్‌మన్‌ వన్‌టౌన్ మనిషి. నమాజు టోపీ మడిచి చొక్కా జేబులో పెట్టుకునేవాడు. అందరం భాయ్ అనేవాళ్ళం. చీర మడత విప్పి ఆయన ఒక్క విసురు విసిరితే, కొనడానికి రానివాళ్ళు కూడా కొనేవాళ్ళు. ఆ రోజు ఆయన అరలవైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి.

“నవ్వకు భాయ్” అన్నాను.

“నేనెందుకు నవ్వుతాను సార్. మీరు దయచేయమన్నారు, ఆవిడ దయచేసింది. ఇందులో నవ్వడానికేముంది?”

మా షోరూము గుమ్మం పక్కన ఒక ఇత్తడి పలక ఉండేది. ‘ప్రవేశ హక్కు యాజమాన్యానిది’ అని దాని మీద అక్షరాలు. వారానికోసారి చింతపండుతో తోమించేవాణ్ణి. దాని మెరుపే తప్ప దాని అర్థం నాకు పట్టలేదు. ఆ వారం మా వకీలు గారు వచ్చినప్పుడు టీ తాగుతూ విడమరిచి చెప్పారు. షాపు తెరిచి పెట్టామంటే అందరినీ రమ్మని అనుమతి ఇచ్చినట్టే. ఆ అనుమతిని వెనక్కి తీసుకునే హక్కు మనకుంది. గొడవ చేసేవాణ్ణి, వ్యాపారానికి అడ్డం పడేవాణ్ణి వెళ్ళమనవచ్చు. వెళ్ళకపోతే పోలీసులను పిలవవచ్చు. కానీ మనం చెయ్యి వెయ్యకూడదు, సంచి లాక్కోకూడదు, గదిలో కూర్చోబెట్టకూడదు. కులమనీ, మతమనీ, ఆడదనీ, ఫలానా చోట పుట్టిందనీ అసలే ఆపకూడదు, అది రాజ్యాంగంలో పదిహేనో అధికరణం.

“అన్నిటికంటే ముందు, వెళ్ళమని అవతలివాళ్ళకు స్పష్టంగా తెలియాలి” అన్నారాయన. “ఇంతకీ మీరేమన్నారు?”

“దయచేయండి అన్నానండీ.”

వకీలు గారు టీ గ్లాసు కింద పెట్టారు. “ఏ కోర్టుకెళ్ళినా ఆవిడే గెలుస్తుంది” అన్నారు.

తర్వాత నేను చేసిన తప్పు ఇంకా పెద్దది. నోటితో చెప్పలేనివాణ్ణి కాబట్టి ఆ పని గేటు దగ్గరి సెక్యూరిటీ వాళ్ళకు అప్పగించాను. పేరు తెలియదు, ఫోటో లేదు. “ముసలావిడ, జనపనార సంచి, కళ్ళద్దాలు. లోపలికి వదలొద్దు” అన్నాను. వాళ్ళు నా మాటను అక్షరాలా పాటించారు. ఆ మంగళవారం మధ్యాహ్నానికి ఐదుగురు పెద్దవాళ్ళు వెనక్కి వెళ్ళారు. అందులో ఒకరు ఓనరు గారి మేనత్త. మైలవరం నుంచి సంచి నిండా మామిడికాయలు మోసుకుని వచ్చారు. ఆ కాయలన్నీ గేటు దగ్గరే సెక్యూరిటీ వాళ్ళకు పంచిపెట్టి, ఆటో ఎక్కి వెళ్ళిపోయారు. మేనత్త గారు మళ్ళీ మేనల్లుడి గడప తొక్కడానికి ఏడాది పట్టింది.

మేము ఆపదలచుకున్నావిడ ఆ రోజు సంచి తేలేదు. నేరుగా పైకి వెళ్ళి, నడుమ కూర్చుంది.

“మనిషి నడవడి చూసి ఆపమన్నానండీ, మనిషి వాలకం చూసి కాదు” అని వకీలు గారు తలపట్టుకున్నారు. చివరికి గేటు దగ్గరి ఆజ్ఞ రద్దు చేయించి, ఆయనే ఒక కాగితం టైపు చేయించి నా చేతికిచ్చారు. అది ఆవిడ ఎదుట చదవాలి. ఇద్దరు సాక్షులుండాలి. నేను దాన్ని స్నానాల గదిలో కూడా వల్లించాను. చిన్నప్పుడు పద్యాలు అంత శ్రద్ధగా వల్లించి ఉంటే చీరల షాపులో ఉండేవాణ్ణి కాను.

ఇక ఆ రోజు సంగతి.

పెళ్ళిళ్ళ సీజను. హనుమాన్ జంక్షన్ వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. పెళ్ళికూతురు, వాళ్ళమ్మ, చేపల చెరువులున్న పెదనాన్న. పెళ్ళికి వచ్చే ఆడవాళ్ళకు పెట్టడానికి పెట్టుబడి చీరలు ఇరవై కావాలి, అన్నీ మంగళగిరి చేనేతే కావాలి. మాకూ అది మంచి పెట్టుబడే. భాయ్ కట్టలు దించుతున్నాడు. ఇంతలో మెట్ల మీద దగ్గు వినిపించింది. ఆవిడ వచ్చి, పరుపు నడుమ తన చోట్లో కూర్చుని, పెళ్ళికూతురి ఒళ్ళో ఉన్న చీర అంచు అందుకుంది.

“ఇది మరదమ్మా” అంది.

ఓనరు గారు అప్పటికే మెట్లెక్కి వచ్చి స్తంభం పక్కన నిలబడ్డారు. నాకేసి చూశారు. నేను కాగితం తీశాను. మడత విప్పుతుంటే కాగితమే ముందు మాట్లాడడం మొదలుపెట్టింది.

“‘ఈ క్షణం నుంచి మా ప్రాంగణంలో ఉండడానికి మీకిచ్చిన అనుమతిని ఉపసంహరించుకుంటున్నాము’” అని చదివాను.

“అంటే ఏంటి బాబూ?”

“వెనక్కి తీసుకుంటున్నామమ్మా.”

“ఏం తీసుకుంటారు? నేనేం కొనలేదుగా.”

పెళ్ళికూతురు నవ్వు ఆపుకోవడానికి చీర నోటికి అడ్డం పెట్టుకుంది. పెదనాన్న నవ్వలేదు. “ఆవిడేం చేసిందండీ?” అని ఓనరు గారిని అడిగారు.

“మా సరుకు మీద అబద్ధాలు చెప్తోందండీ. నెలల తరబడి భరిస్తున్నాం.”

అప్పుడు ఆవిడ ఓనరు గారివైపు తిరిగింది. గొంతు పెంచలేదు. “మా వీధిలో పద్నాలుగు మగ్గాలుండేవి. ఇప్పుడు నాలుగు. ఆ నాలుగింటికీ కూడా రెణ్ణెల్ల నుంచి సరైన పని లేదు. మీ అరల మీద చూస్తే మా ఊరి పేరుంది. లోపల బట్ట మాది కాదు. అందుకని వస్తన్నా. పేరన్నా మాకిచ్చెయ్యండి, పనన్నా ఇవ్వండి. నేను చెప్పింది అబద్ధమైతే ఇప్పుడే మెట్లు దిగిపోతా. ఆ కాగితం చదవక్కర్లేదు.”

“అయితే చూపించమనండి” అన్నారు పెదనాన్న. “మేము కొనబోయేవేగా. మాకూ తెలవాలి.”

ఓనరు గారు కాదనలేని చోట పడ్డారు. భాయ్‌వైపు చూశారు. ఏ చీర ఎక్కడి నుంచి వచ్చిందో ఆ అంతస్తులో తెలిసినవాడు భాయ్ ఒక్కడే. కట్టలు విప్పి అరల్లో సర్దింది ఆయనే. పై మడత మీద అన్నిటికీ ఒకే లేబులు. భాయ్ ఇరవై చీరలు తీసి, పేకముక్కల్లా కలిపి, ఆవిడ ముందు పెట్టాడు.

ఆవిడ కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. “ఇవి ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే. రంగు అడ్డమొస్తది” అని కళ్ళు మూసుకుంది.

బట్టల మధ్య ఇరవై ఆరేళ్ళు బతికాను. బట్టను తాకడమంటే ఏమిటో ఆ పావుగంటలో చూశాను. ఒక్కో చీరనూ విప్పలేదు. అంచు మీద బొటనవేలు పెట్టి జానెడు దూరం జరిపేది. మగ్గం మీద బట్ట ముడుచుకోకుండా రెండంచులకూ గుచ్చి పెట్టే కర్ర ఒకటుంటుందట, దాని ముళ్ళ గుర్తులు వెతికేది. తర్వాత అరచెయ్యి పరిచి, కళ్ళు మూసిన మొహం కొంచెం పక్కకు వంచి, బట్ట ఏదో చెబుతుంటే వింటున్నట్టు ఆగేది. ఆ చీర కుడివైపో ఎడమవైపో వెళ్ళేది. మధ్యలో పెళ్ళికూతురు, “ఎట్టా తెలుస్తది మామ్మా?” అని అడిగింది.

“మర చెయ్యి ఎప్పుడూ ఒకటే బరువమ్మా. మనిషి చెయ్యి అట్టా ఉండదు. పొద్దున ఒక బరువు, అన్నం తిన్నాక ఒక బరువు. ఇంట్లో మాటా మాటా వచ్చిన రోజు ఇంకో బరువు.”

ఇరవయ్యో చీర పెట్టేసరికి కుడివైపు ఏడు, ఎడమవైపు పదమూడు ఉన్నాయి. మూడో అంతస్తులో ఉన్నవాళ్ళంతా చుట్టూ చేరారు. పక్క విభాగం అమ్మాయిలు కుర్చీల మీద నిలబడి చూస్తున్నారు.

“ఏం భాయ్?” అన్నారు ఓనరు గారు. ఆ రెండు మాటల్లో ఏ జవాబు కావాలో అందరికీ వినపడింది.

భాయ్ జేబులోంచి టోపీ తీశాడు, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఆయనకు ఇద్దరు ఆడపిల్లల చదువులున్నాయి. ఈ ఉద్యోగం తప్ప ఇంకో ఆధారం లేదు. నాకు ఆ సంగతి తెలుసు, ఓనరు గారికీ తెలుసు.

“ఒక్కటి కూడా తప్పలేదు సార్” అన్నాడు. “ఏడే మగ్గం చీరలు. మిగతావన్నీ మరవే.”

ఆవిడ మాత్రం ఆ మాట విన్నట్టే లేదు. కుడివైపు ఏడింటిలోంచి ఒకటి తీసి ఈసారి పూర్తిగా విప్పింది. ఆకుపచ్చ చీర, అంచులో జరీ గోపురాల వరస, నిజాం అంచంటారు. చెంగు నుంచి వేళ్ళతో చదువుకుంటూ పోయింది. సగంలో ఆగింది.

“ఇక్కడ చెయ్యి మారింది. మొగుడు లేచాడు, పెళ్ళాం కూచుంది.” ఇంకో రెండు మూరలు. “ఇక్కడ మూడు రోజులు మగ్గం ఆగింది. వానకి మగ్గం గుంటలోకి నీళ్ళొచ్చినయ్యి. నీళ్ళు తోడి, ఆరబెట్టుకుని మళ్ళీ కూచున్నారు.” తర్వాత కళ్ళు తెరిచింది. “ఇది మా ఇంట్లోదే. మా కోడలిది చివర చెయ్యి.”

పెళ్ళికూతురు తన వేలు ఆ చోట పెట్టింది. వాళ్ళమ్మ పెట్టింది. పెదనాన్న వంగి పెట్టారు. నేనూ పెట్టాను. నాకు బట్ట తగిలింది, అంతే. ఒక చీరలో మూడు రోజుల వాన ఉందని చెప్పి నా వేలును దాని మీద పెట్టినా, నా వేలికి అది కనిపించలేదు. ఇన్నేళ్ళూ ఆరు గజాలని చెప్పి మేము అమ్మినవి ఎవరివో రోజులని నాకు అప్పుడు తెలిసింది. బెజవాడలో నేతలకు ఎప్పుడూ కొదవలేదు. నేతంటే ఏమిటో ఆ రోజు చూశాను.

ఆ ఏడు చీరలూ వాళ్ళు తీసుకున్నారు. మిగతా పదమూడు మగ్గం మీదివే తెప్పించమన్నారు. ఓనరు గారు చెడ్డమనిషి కాదు, దెబ్బతిన్న మనిషి. సాయంత్రానికల్లా అరల మీద లేబుళ్ళు మార్పించారు, మరది మర అని, మగ్గానిది మగ్గం అని. ఎవరైనా వినియోగదారుల కోర్టుకు వెళితే ఏమవుతుందో వకీలు గారు ఫోనులో చెప్పిన మాటలూ అందుకు సాయపడ్డాయి. పదమూడు చీరల పని ఆ వీధికే వెళ్ళింది. భాయ్‌ను ఏమీ అనలేదు. అంటే చీర విసిరేవాడు ఎవరు?

ఆవిడ విషయంలో మాత్రం, “నలుగురిలో నా పరువు తీసింది. పని ఇస్తాను గానీ ఆవిడ ఇంక నా షాపులో అడుగు పెట్టకూడదు. నువ్వే చెప్పు” అన్నారు.

వకీలు గారిని అడిగాను. “చెప్పవచ్చు. హక్కు ఉంది” అన్నారు. హక్కు ఉందని నాకూ తెలుసు. అక్కర ఉందా అని అడగాలని తోచింది. ఆయన వకీలు, నాది ఉద్యోగం. అడగలేదు.

ఆవిడ వెంట మెట్లు దిగి, ఇత్తడి పలక దాకా వెళ్ళాను. నడుము వంచలేదు, చెయ్యి చాపలేదు. “వెళ్ళండమ్మా. మళ్ళీ రావద్దు” అన్నాను. మన ఇళ్ళల్లో ఎవరినీ వెళ్ళండి అని ఊరుకోం, వెళ్ళి రండి అంటాం. ఆ ‘రండి’ నేను తీసేశాను. ఇరవై ఆరేళ్ళలో నా ఉద్యోగం తు.చ. తప్పకుండా చేసింది ఆ ఒక్క రోజే.

ఆవిడ, “ఈసారి తెలుగులో చెప్పావు బాబూ” అని, సంచి భుజానికి తగిలించుకుని బస్టాపు వైపు నడిచింది.

రిటైరయ్యాక రెండు నెలలకు మంగళగిరి వెళ్ళాను. చీర కొనాలని మా ఆవిడకు చెప్పాను. అసలు ఎందుకు వెళ్ళానో తనకూ తెలుసు. ఆటో అబ్బాయి వీధి చివర దింపాడు. మగ్గాల చప్పుడు లెక్కపెట్టుకుంటూ నడిచాను. ఐదు, లేదా ఆరు. నాలుగైతే కాదు.

ఆవిడ గుమ్మంలో పీట మీద కూర్చుని దారం చుడుతోంది. అద్దాలు లేవు. కళ్ళు ఇంకా మసకేశాయి. “బాగున్నారా అమ్మా” అన్న గొంతుకే పోల్చుకుంది. పని ఆపకుండా, మొహంలో ఏమీ చూపకుండా, చెయ్యి చాపింది. అది ఇంటి వైపో వీధి వైపో తెలియని చాపడం.

“దయచేయండి” అంది.

ఒక చెప్పు విడిచి, రెండోది విడవకుండా నిలబడ్డాను. ఇన్నేళ్ళూ నేను ఎంతమందిని ఇలా నిలబెట్టానో అప్పుడు అర్థమయింది. వెనక్కి తిరగాలేమో అనుకుంటుండగా, లోపల మగ్గం చప్పుడు ఆగింది. కోడలు గుంటలోంచి లేచి, చెంబుతో మంచినీళ్ళు పట్టుకుని వచ్చింది.

రెండో చెప్పు కూడా విడిచాను.

ఆ మగ్గం మీద అప్పుడున్నది పసుపు చీర. ఎవరు కొన్నారో, ఏ ఊళ్ళో ఎవరు కట్టుకుంటున్నారో తెలియదు. చెంగు నుంచి కొన్ని మూరలు వచ్చాక, వేలు తెలిసినవాళ్ళు తడిమితే, అందులో నేను వెళ్ళినప్పుడు మగ్గం ఆగిన చోటు ఒకటి ఉంటుంది.